వేలితో జరిపిన పేరు

శనివారం పొద్దున చార్టక్క తన గదిలోకి వచ్చేసరికి బల్ల మీద పాత కంప్యూటరు లేదు. అది ఉన్నచోట దుమ్ము పట్టని నలుచదరపు మచ్చ ఒకటి మిగిలింది. ఆ మచ్చ మీద పల్చటి లాప్‌టాప్ ఒకటి ఉంది. ఒక చేత్తో ఎత్తి చూసింది. బరువే లేదు. అట్టముక్కకి మూత బిగించి ఇదే కంప్యూటరు అనుకోమన్నట్టుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆసుపత్రిలో డ్యూటీ చార్టు వేసేది ఆవిడే. నర్సులు, ఆయాలు, వార్డు బాయ్‌లు కలిపి నూట పన్నెండు మంది. ఎవరు ఏ పూట ఏ అంతస్తులో ఉండాలో ఆవిడ వేస్తేనే తేలుతుంది. అందుకే పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ చార్టక్క.

"ఎలా ఉంది ఆంటీ?" అంటూ మేనేజరు లోపలికొచ్చాడు. ఆయన కంటే ముందు ఆయన సెంటు వాసన వచ్చింది.

ముప్పై రెండేళ్ళవాడు. ఛైర్మన్‌ గారి మేనల్లుడు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఒక్క వార్డులో పది నిమిషాలు నిలబడ్డ పాపాన పోలేదు గానీ, గోడల రంగు మార్పించాడు, తన గదికి గాజు తలుపు పెట్టించాడు, ఇదిగో, నలభై అట్టముక్కలు కొనిపించాడు.

"నా కంప్యూటరు ఏది సార్?"

"కింద గోడౌన్లో పడేశాం. పాత సామాను వాడు వచ్చి పట్టుకుపోతాడు. ఇంక ఇన్‌స్టాల్ చెయ్యడాలూ సేవ్ చెయ్యడాలూ ఏమీ ఉండవు ఆంటీ. అంతా బ్రౌజర్‌లోనే. మీరు టైపు చేస్తుంటే దానంతటదే సేవ్ అయిపోతుంది. చార్టు ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుని ఇంటి నుంచి నేరుగా వార్డుకి వెళ్తారు. గోడకి కాగితాలు అంటించే రోజులు పోయాయి."

చార్టక్క చార్టు ఫైలు తెరిచింది. గళ్ళు వచ్చాయి, రంగులు వచ్చాయి, అట్టడుగున 'సరిచూడు' అన్న బొత్తాం కూడా వచ్చింది. అసలు ప్రాణమంతా ఆ బొత్తాంలో ఉంది. దాని వెనక నాలుగు వందల లైన్ల మాక్రో ఉంది. ఆదివారాలు వచ్చి కూర్చుని, తప్పులు చేసుకుంటూ దిద్దుకుంటూ ఆవిడే రాసుకున్న ప్రోగ్రాము అది. బొత్తాం నొక్కితే కంప్యూటరు చార్టంతా తిరిగి చూసేది. ఏ అంతస్తులోనైనా ఒక మనిషి తక్కువైతే ఆ గడి ఎర్రబడేది. ఒక మనిషిని రెండు చోట్ల వేస్తే పసుపు పచ్చగా మారేది. ఎర్ర గడి ఉన్న చార్టు ఆవిడ చేతి నుంచి ఏనాడూ బయటికి పోలేదు.

ఇప్పుడు నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది.

"బొత్తాం నొక్కడం కూడా నేర్పాలా ఆంటీ?" అని మేనేజరు వంగి, తన వేలితో తెర మీద మూడుసార్లు పొడిచాడు. బొత్తాం బొమ్మలా అలాగే ఉంది. "అదేదో పాత కాలపు యవ్వారంలే. బ్రౌజర్‌లో పని చెయ్యదు. కళ్ళతో సరిచూసుకోండి. పద్దెనిమిదేళ్ళ అనుభవం కదా!"

"కళ్ళతో చూస్తే తప్పులు దొర్లుతాయి సార్. నా పాతదాన్ని ఒక్కదాన్ని ఉంచండి, చార్టు వరకే."

"తప్పులు దొర్లితే ఏముంది, రిసెప్షన్లో కూర్చునే అమ్మాయికి అప్పజెబుతాను. రెండు రోజుల్లో నేర్చేసుకుంటుంది." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నవ్వాడు. "మీకు కింద రికార్డుల గది ఉంది ఆంటీ. ప్రశాంతంగా ఉంటుంది. ఒక్క తప్పు చాలు, నేనే దిగబెట్టొస్తా."

రికార్డుల గదికి కిటికీ లేదు. ఎవరినైనా వదిలించుకోవాలనుకుంటే ఆ గదికి పంపడం ఆసుపత్రిలో అలవాటు. ఇంతకు ముందు వెళ్ళిన ఇద్దరూ ఆర్నెల్లు తిరక్కుండా రాజీనామా రాసిచ్చారు. చార్టక్కకి ఒళ్ళు మండింది. మొహాన ఉమ్మెయ్యాలన్నంత అసహ్యం వేసింది. అయినా సాయంత్రం ఆరింటి దాకా స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కో వరసా రెండేసి సార్లు చదివింది. నూట పన్నెండు పేర్లు, ఏడు రోజులు, మూడు పూటలు. లేచేసరికి గోడ మీది గడియారం రెండుగా కనిపించింది.

సోమవారం ఆసుపత్రి ట్రస్టు సభ్యుల సమావేశం జరిగింది. చార్టక్క ఫైళ్ళు పట్టుకుని వరండాలో వెళ్తూ గాజు తలుపులోంచి లోపలికి చూసింది. మేనేజరు లాప్‌టాప్‌ని గోడ మీది పెద్ద తెరకి తగిలించి, ముందు నిలబడి వేలితో ఏదో జరుపుతున్నాడు. తెర మీద ఉన్నది ఆవిడ చార్టే. సభ్యులు కుర్చీల్లో ముందుకు జరిగి తలలూపుతున్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. బొమ్మలాట చూపించే వాడికైనా చేతిలో ఏముందో తెలుస్తుంది, ఈయనకి అదీ తెలియదు అనుకుని చార్టక్క ముందుకు నడిచింది.

మంగళవారం ఎనిమిది కాకముందే వచ్చింది. మెట్ల దగ్గర మూడో అంతస్తు నర్సు ఎదురై చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"అక్కా, నిన్న సాయంత్రం షిఫ్టుకి మా ఆయా రాలేదు. పన్నెండు మంచాలు, నేనొక్కదాన్ని. తొమ్మిదో నంబరు ముసలాయన బాత్‌రూముకని తనంతట తానే దిగి పడ్డాడు. మణికట్టు విరిగింది. వాళ్ళబ్బాయి మేనేజరు గది ముందు కూర్చుని అరుస్తున్నాడు."

చార్టక్క గదిలోకి పరుగు లాంటి నడకతో వెళ్ళి అట్టముక్క తెరిచింది. సోమవారం, సాయంత్రం, మూడో అంతస్తు. ఆయా గడి ఖాళీగా ఉంది. కింద అంతస్తు వరసలో ఇద్దరు ఆయాలున్నారు. రెండో పేరు మూడో అంతస్తు ఆయాదే.

 నేనే వేశాను ఇలా, అనుకుంది. రెండుసార్లు చదివి కూడా వేశాను. బొత్తాం ఉండుంటే ఆ గడి ఎర్రగా మండిపోయేది. ఇప్పుడు తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

చార్టులో తప్పు పడితే ఏం చెయ్యాలో ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. తప్పు పేరు కొట్టెయ్యాలి. పక్కన ఎర్ర ఇంకుతో సరైన పేరు రాసి పొడి సంతకం పెట్టాలి. తర్వాత నర్సులందరికీ పైనున్న పెద్ద సిస్టరుకి చూపించి ఆవిడ చేత కూడా సంతకం పెట్టించాలి. పద్దెనిమిదేళ్ళలో పదకొండు తప్పులు. పదకొండింటికీ ఆవిడ సంతకం ఉంది. ఆ లెక్క ఎవరైనా అడిగితే గొప్పగా చెప్పుకునేది.

బయట వరండాలో ముసలాయన కొడుకు గొంతు వినిపిస్తోంది. చార్టక్క ఆ పేరు మీద వేలు ఆనించి పైకి లాగింది. పేరు చడీ చప్పుడూ లేకుండా జారి మూడో అంతస్తు గడిలో కూర్చుంది. రెండు సెకన్లు పట్టలేదు. తెర మూల 'సేవ్ అయింది' అని వచ్చింది.

పది గంటలకి మేనేజరు గదిలోకి పిలిచారు. ఆయా అప్పటికే నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి. పన్నెండేళ్ళుగా ఫినాయిల్‌లో నాని అరచేతులు తెల్లగా పాలిపోయాయి. చెంగు నడుముకి బిగించుకుని పోట్లాటకి సిద్ధంగా ఉంది.

"సార్, నేను రాలేదని ఎవరన్నారు? మధ్యాహ్నం రెండింటికి వచ్చాను, తొమ్మిదింటికి వెళ్ళాను. కింద అంతస్తు అని ఫోన్లో ఉంటే కిందికెళ్ళాను. అక్కడి సిస్టరమ్మనే అడగండి."

"అడిగాను. 'నేను ఫోనూ గీనూ చూడను, మనిషి వచ్చింది, దుప్పట్లు మడతపెట్టమన్నాను' అంది. స్నేహితురాళ్ళుంటే కిందికెళ్ళి కబుర్లాడుకోవడం నాకు తెలియదా?" మేనేజరు చెయ్యి చాపాడు. "ఏదీ, నీ ఫోన్లో కింద అని ఉంది కదా. చూపించు."

ఆయా రవికెలోంచి చేతిరుమాలు మూట తీసి, విప్పి, పగిలిన అద్దం ఫోను బయటికి తీసింది. ధీమాగా చార్టు తెరిచింది. చూసింది. అద్దాన్ని చెంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"నిన్న ఒంటిగంటకి చూశాను సార్. కింద అనే ఉంది. నా పిల్లల మీదొట్టు."

"ఇప్పుడేముంది?"

"మూడు అని..." 

"ఫోను అబద్ధమాడుతుందా మరి?" అని నవ్వి, మేనేజరు ఇటు తిరిగాడు. "ఆంటీ, మీరు ఎక్కడ వేశారు ఈవిడని?"

గోడ మీది కాగితమైతే ఆయా ఈపాటికి చింపుకొచ్చి బల్ల మీద కొట్టేది. కాగితం ఎవరి ఫోన్లోనూ దానంతటది మారదు. 

"మూడో అంతస్తులోనే సార్" అంది చార్టక్క.

"అక్కా, మీరన్నా చెప్పండి. నేను డ్యూటీ ఎగ్గొట్టే మనిషినా?"

చార్టక్క ఆమె వంక చూడలేకపోయింది. చూడలేక, అదిలించింది. "ఫోను చూసుకునేటప్పుడు కాస్త కళ్ళు పెట్టి చూసుకోవాలి కదమ్మా!"

ఆయాని పనిలోంచి ఆపేశారు. గురువారం మూడింటికి పెద్ద సిస్టరు ముందు విచారణ అన్నారు. దాని తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆయా కాంట్రాక్టు మనిషి, తీసెయ్యడానికి ఒక కాగితం చాలు.

బుధవారం అయిదున్నరకే ఇంటికి చేరింది చార్టక్క. బరువు లేదు కదా అని అట్టముక్కని సంచిలో పడేసుకుని తెచ్చింది. భర్త ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరిదో లాల్చీ భుజం కుట్టు విప్పుతున్నాడు.

"ఏమోయ్, కొత్త సంబంధం ఇంటిక్కూడా వచ్చేసిందే! కాపురం కుదిరిందా దాంతో?"

"మీ వేళాకోళం ఆపండి." చెప్పులు విడిచి ఆయన ఎదురుగా పీట మీద కూలబడింది. "ఏమండీ, తప్పు కుట్టు వేసి, ఎవరూ చూడకముందే విప్పేసి సరిగ్గా కుట్టారనుకోండి. బట్ట ఇచ్చినవాడికి తెలుస్తుందా?"

"వాడికి తెలీదు. ఇంకో దర్జీకి తెలుస్తుంది. దారం పోయినా సూది రంధ్రాలు పోవుగా." కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఎందుకు, ఏం విప్పావు నువ్వు?"

"ఏం లేదు" అని నీళ్ళు నమిలి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది.

నాలుగు రోజులుగా దాన్ని అంటరాని వస్తువులా చూసిందే తప్ప, దాని పొట్టలో ఏముందో ఒక్కసారీ వెతకలేదు. ఇప్పుడు పై వరసలో ఉన్న ప్రతి మాటా నొక్కుతూ పోయింది. రంధ్రాలేమైనా కనిపిస్తాయేమోనన్న భయంతోనే నొక్కింది. నాలుగో మాట కింద 'మార్పుల చరిత్ర' అని ఉంది. నొక్కగానే కుడిపక్క ఒక పట్టీ తెరుచుకుంది.

పైన మంగళవారం, ఎనిమిదీ నాలుగు నిమిషాలు, చార్టు విభాగం. అది ఆవిడే. ఆయా పేరు ఏ గడి నుంచి ఏ గడికి వెళ్ళిందో రంగు వేసి మరీ చూపిస్తోంది.  దాని కింద ఇంకో వరస ఉంది. సోమవారం, పదకొండూ ఇరవై, మేనేజరు. అదే పేరు, మూడో అంతస్తు నుంచి కింద అంతస్తుకి.

పదకొండూ ఇరవై అంటే ట్రస్టు సభ్యుల సమావేశం. వేలితో మనుషుల్ని ఎలా జరపొచ్చో చూపించడానికి ఆ ప్రబుద్ధుడు అసలు చార్టు మీదే ఆడాడు. దానంతటదే సేవ్ అవుతుందని ఊరంతా టముకు వేసినవాడికి, తన ఆట కూడా సేవ్ అవుతుందని తట్టలేదు. చప్పట్లు కొట్టించుకుని, మూత మూసి వెళ్ళి భోంచేశాడు.

"దరిద్రుడా!" అంది పైకే.

"నేనా?" అన్నాడు భర్త.

ఆవిడ వినలేదు. ఆ రెండు వరసల కింద శనివారం తను వేసిన చార్టు ఉంది. తెరిచి చూసింది. ఆయా మూడో అంతస్తులోనే ఉంది. తప్పు లేదు. శనివారం ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. చేసిన తప్పు మంగళవారానిది.

గురువారం పొద్దున్నే నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. రాత్రంతా ఒకటే లెక్క వేసుకుంది. ఇది చూపించి బెదిరిస్తే, ఆయన చడీ చప్పుడూ లేకుండా ఆయాని పనిలోకి తీసుకుంటాడు. విచారణ ఉండదు. పై వరస ఎవరూ చూడరు. గొప్ప ధైర్యమేమీ కాదని ఆవిడకీ తెలుసు.

మేనేజరు పట్టీ చూశాడు.  నుదుటి మీద చెమట సెంటు వాసనని మింగేసింది. తర్వాత పై వరస కనిపించింది. మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎనిమిదీ నాలుగుకి ఇది... మీరు కదూ?"

చార్టక్క తెర మీది ఆ వరసనే చూస్తూ నిలబడింది.

"కూర్చోండి. కూర్చోండమ్మా." ఆయనే లేచి కుర్చీ జరిపాడు. "నాదేదో చెయ్యి తగిలింది. మీరు సరిచేశారు. ఇందులో నేరమేముంది? ఈ పట్టీ ఎవరు చూస్తారు చెప్పండి. పెద్ద సిస్టరుకి మెయిలు తెరవడమే రాదు."

"మరి ఆయా?"

"కాంట్రాక్టు మనిషి. ఇక్కడ కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే తప్పెవరిదని ముసలాయన కొడుకు అడుగుతాడు." గొంతు తగ్గించాడు. "మీ పాత కంప్యూటరు ఇంకా గోడౌన్లోనే ఉంది. పాత సామాను వాడు రాలేదు. మధ్యాహ్నం పైకి తెప్పిస్తాను. చార్టు మీ దగ్గరే ఉంటుంది, రిటైరయ్యే దాకా. కాగితం మీద రాసిస్తాను కావాలంటే."

నిజం చెప్పాలంటే ఆవిడ మనసు అప్పుడే గోడౌన్‌ మెట్లు దిగింది. ఆ కీబోర్డు, అరిగిపోయిన అక్షరాలు, నొక్కితే ఎర్రబడే గళ్ళు. కిటికీ ఉన్న గది. ఇంకో ఏడేళ్ళు. సరే సార్ అనడానికి నోరు తెరవబోయింది కూడా.

"మనం మనం ఒకటేనండీ" అన్నాడు మేనేజరు, బల్ల మీదున్న ఆవిడ చేతిని రెండు వేళ్ళతో తడుతూ. "మనలాంటి వాళ్ళం ఒకరినొకరు చూసుకోకపోతే ఎలా?"

ఆంటీ అనలేదు. ఆ మనిషి నోట మొదటిసారి తనకి మర్యాద దక్కింది. ఎందుకు దక్కిందో తెలిశాక చార్టక్కకి ఒళ్ళంతా జిడ్డు రాసుకున్నట్టయింది. నాలుగు నెలలుగా ఈ మనిషిని లోలోపల ఎన్ని తిట్టిందో! పురుగు అంది, పనికిమాలినవాడు అంది. ఆ పురుగు ఇప్పుడు పక్కన చాప పరిచి, రా, కూర్చో అంటోంది. కూర్చుంటే తను అలాంటిది కాదనే హక్కు ఇంక ఉండదు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. "మూడింటికి కలుద్దాం సార్" అని లేచింది. ఆయన నవ్వి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

మూడింటికి పెద్ద సిస్టరు గదిలో ముగ్గురూ ఆవిడ బల్ల ముందు నిలబడ్డారు. పెద్ద సిస్టరు అరవై ఏళ్ళ మనిషి. కుర్చీలో నిటారుగా కూర్చుని, విచారణ కాగితం మీద ఆయా పేరు రాసింది. ఆయా ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మేనేజరు కాలు మీద కాలు వేసుకున్నంత తీరిగ్గా గోడకి ఆనుకున్నాడు.

"ఆ రోజు చార్టు కావాలి" అంది పెద్ద సిస్టరు.

చార్టక్క లాప్‌టాప్ తెరిచి, పట్టీ తెప్పించి, ఆవిడ వైపు తిప్పింది.

"ఇప్పుడు కనిపించే చార్టు కాదమ్మా, ఎప్పుడెప్పుడు ఎవరు మార్చారో ఇందులో ఉంది. కింది నుంచి చదవండి. శనివారం నేను మూడో అంతస్తులో వేశాను. సోమవారం పదకొండూ ఇరవైకి మేనేజరు గారు సమావేశంలో చూపిస్తూ కిందికి జరిపారు. ఒంటిగంటకి ఈమె ఫోన్లో చూసింది అదే. ఈమె తప్పేమీ లేదు."

మేనేజరు గోడ వదిలి ముందుకొచ్చాడు. "అది టెక్నికల్ ప్రాబ్లెమ్ మేడమ్! ఈ ఆంటీకి అసలు బొత్తాం నొక్కడమే..."

పెద్ద సిస్టరు చెయ్యి ఎత్తి ఆపింది. మెయిలు తెరవడం రాకపోవచ్చు గానీ చదవడం వచ్చు. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ పైకి వచ్చింది.

"మరి మంగళవారం పొద్దున మళ్ళీ మూడులోకి జరిపిందెవరు?"

"నేనే" అంది చార్టక్క. "తప్పు నాదే అనుకున్నాను. ఎవరూ చూడకముందు సర్దేశాను. సంతకం పెట్టలేదు. ఈమె ఫోను తీసి చూపించినప్పుడు అది ఎందుకు మారిందో నాకు తెలుసు. చెప్పలేదు."

 పెద్ద సిస్టరు కళ్ళజోడు తీసి ముందు మేనేజరుని చూసింది. తర్వాత చార్టక్కని ఇంకొంచెం ఎక్కువసేపు చూసింది. విచారణ కాగితం మీద ఆయా పేరు కొట్టేసి, దాని కింద రెండు పేర్లు రాసింది. "మీ ఇద్దరి సంగతీ ఛైర్మన్‌ గారి ముందు తేల్చుకుందాం. మేనమామ అయితే అవనీ" అంది. ఆయా వైపు తిరిగింది. "నువ్వు ఇవాళే డ్యూటీలో చేరు. పని ఆపిన రోజుల జీతం పోదు. నేను చూసుకుంటాను."

ఆయా కదల్లేదు. చార్టక్క ధైర్యం చేసి తల ఎత్తింది. ఒక మాట, ఒక చిన్న తలూపు, ఏదో ఒకటి దొరుకుతుందని లోపల ఆశ ఉన్నట్టు అప్పుడే ఆవిడకి తెలిసింది.

"ఆయన మనుషుల్ని ఎరగడు, తెలియక జరిపాడు" అంది ఆయా. గొంతులో కోపం లేదు. ఫినాయిల్ నీళ్ళు పారబోసేటప్పుడు అందులోకి చూసే చూపు ఆమె కళ్ళలో ఉంది. "మీరు నన్ను ఎరిగుండి జరిపారు. పైగా నన్ను కళ్ళు పెట్టి చూసుకోమన్నారు."

 

ఆయా చెంగు నడుముకి బిగించుకుంది. "ఇవాళ నేను ఎక్కడమ్మా?"

అలవాటు ప్రకారం చార్టక్క లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, "ఇవాళ సాయంత్రం నువ్వు..." అని మొదలుపెట్టింది.

"ఆవిణ్ణి కాదమ్మా" అంది ఆయా, పెద్ద సిస్టరునే చూస్తూ. "మిమ్మల్ని అడుగుతున్నాను."

"మూడో అంతస్తు" అంది పెద్ద సిస్టరు.

ఆయా బల్ల మీది పెన్ను తీసుకుని, తెల్లగా పాలిపోయిన అరచేతిలో మూడు అని రాసుకుని, మెట్ల వైపు వెళ్ళిపోయింది.